బిల్టీ అడగడం బేఇజ్జతీ కాదు



మన బిరాదరీలో ఒక పాత అలవాటుంది. తెలిసినవాళ్ల దగ్గర కాగితం అడగం. అడిగితే మురవ్వత్ పోతుందని భయం. "అరే భాయ్, మనకూ మనకూ మధ్య కాగితం ఏంది?" అన్న ఒక్క మాట మీద లక్షల రూపాయల సామాను లారీ ఎక్కుతుంది. బియ్యం బస్తాలైతే, బీరువాలైతే సరే. నుక్సాన్ అయినా మళ్లీ కొనుక్కోవచ్చు. ఇప్పుడు అదే నోటిమాట మీద దాదాల కాలం నాటి కార్లు కూడా ఎక్కుతున్నాయి. అవి పోతే మళ్లీ బజార్లో దొరికేవి కావు.

అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాను. పాత కారును ట్రక్కు మీదో ట్రైలర్ మీదో పంపేటప్పుడు దాని హాలత్, దాని ఖీమత్ రాసిన బిల్టీ అడగడం బేఇజ్జతీ కాదు. ఆ కాగితం ఇద్దరి ఇజ్జత్‌ని కాపాడుతుంది. ఒకరు కారు సొంతదారు. ఇంకొకరు దాన్ని మోసుకుపోయే డ్రైవర్. కాగితం లేని చోట ఎక్కువ దెబ్బ తినేది ఈ రెండోవాడే. మన ఇళ్లలో కార్ల సొంతదారుల కన్నా డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లే ఎక్కువ. కాబట్టి ఇది షౌకీన్ల ముచ్చట మాత్రమే అనుకుని వదిలేయకండి.

కర్దనూర్ చాలామందికి తెలియకపోవచ్చు. పటాన్‌చెరు మండలంలోని ఊరు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర్లోనే ఉంటుంది. మనం బొంబాయి రోడ్డు అని పిలిచే జాతీయ రహదారి 65 కూడా ఎంతో దూరం కాదు. పుణె నుంచి బయల్దేరి షోలాపూర్, జహీరాబాద్, సంగారెడ్డి, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా పోయే రోడ్డు అది. ఔటర్ 158 కిలోమీటర్లు ఊరు చుట్టూ తిరిగి వచ్చి ఈ రోడ్డును తాకుతుంది. అందుకే దేశంలో ఏ మూల నుంచి ఏ మూలకు పోయే లారీ అయినా ఒకసారి ఇక్కడ కనిపిస్తుంది.

ఈ బెల్ట్‌కు బండ్లు కొత్త కాదు. జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ వాళ్లు చిన్న లారీలు తయారుచేసేవారు. తర్వాత ఆ కార్ఖానా మహీంద్రా చేతికి వచ్చింది. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్లు తయారవుతాయి. కొత్త కార్లను మోసే పొడుగాటి కంటైనర్లు ఈ రోడ్డు మీద రోజూ చూస్తాం. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక ఫ్లాట్‌బెడ్ లారీ కనిపిస్తుంది. దాని మీద టార్పాలిన్, కింద గుండ్రటి వీపు. చూడగానే తెలిసిపోతుంది, అది ఏ అంబాసిడరో, ఏ ఫియటో, ఏ మోరిసో అని.

ఈ రెండు రకాల బండ్లకు రాసే కాగితాల్లో తేడా చూడండి. కంటైనర్లో పోయే ప్రతి కొత్త కారుకు నంబరు రాసుకుంటారు. ఎక్కించేటప్పుడు చూస్తారు, దించేటప్పుడు చూస్తారు. ఎక్కడ గీత పడినా కాగితం మీదికి వస్తుంది. అలాంటి కారు తలుపు సొట్టపోతే కంపెనీ నుంచి ఇంకో తలుపు వస్తుంది. ఫ్లాట్‌బెడ్ మీది పాత కారుకు ఇంకో తలుపు లేదు. గ్రిల్ విరిగితే ఆ గ్రిల్ కోసం ఊరూరా కబాడీ దుకాణాలు తిరగాలి. అయినా దాని బిల్టీ మీద ఉండేది రెండు మాటలే: "పాత కారు, ఒకటి." పూర్తిగా ఉల్టా వ్యవహారం ఇది.

పాత కార్లు ట్రక్కులెక్కడం ఈమధ్య ఎందుకు పెరిగింది? ఒక కారణం ఖానూన్. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం పెద్దగా మారని టూవీలర్లు, కార్లు వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. వాటికి 'వీఏ' అక్షరాలున్న నంబరు ప్లేటు వస్తుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. షరతు ఏమంటే, ఆ బండిని రోజువారీ పనులకూ వ్యాపారానికీ రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, పెట్రోలు, మరమ్మతు లాంటి వాటికే బయటికి తీయాలి. ఖానూన్ మాట పక్కన పెట్టినా, యాభై ఏళ్ల డ్రమ్ము బ్రేకులతో, నీళ్లు మరిగే రేడియేటర్‌తో పుణె దాకా ఎవరు నడుపుతారు? అందుకే కారు కూడా సామాను అవుతుంది.

ఇంకో కారణం షౌక్. పాత కార్లను బాగుచేయించుకోవాలన్న మోజు పెరిగింది. దాదా నిషానీ అని షెడ్డులో దాచుకున్న కారును మనవడు పుణెకో ముంబైకో చెన్నైకో పంపి తయారుచేయిస్తున్నాడు. తర్కాలో ఎవరి వాటాకు వచ్చిందో తేలక ఏళ్లుగా పడి ఉన్న కారును కొందరు అమ్మేస్తున్నారు. ఎలా చూసినా ఆ కారుకు ఒక సఫర్ ఉంటుంది, ఆ సఫర్ ఇంకొకరి బండి మీద.

హైదరాబాదుకు ఈ షౌక్ ఎప్పటినుంచో ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండ్‌లో ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డర్ ఇచ్చారు. కారు ఇంకా చేతికి రాకముందే 1911లో ఆయన ఇంతెకాల్ చేశారు. పసుపు రంగు బాడీ, వెనక సీటు తఖ్త్‌లాగా ఎత్తుగా ఉన్న ఆ కారు ఏడో నిజాం హయాంలో ఇక్కడికి చేరింది. నడిచింది చాలా తక్కువ. ఈ రోజుకూ చౌమొహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. ఆ కారు తన చక్రాల మీద తిరిగిన దూరం కన్నా సరుకుగా ఓడెక్కి వచ్చిన దూరమే చాలా ఎక్కువ. పాత కార్ల కథల్లో ఇంజన్ గురించి, రంగు గురించి, నవాబు గురించి చెబుతారు. మోసుకొచ్చినవాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

2017లో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో కార్టియర్ వాళ్ల పాత కార్ల పోటీ జరిగింది. దేశం నలుమూలల రాజవంశాల కార్లు, పెద్ద పెద్ద షౌకీన్ల కార్లు కొండెక్కి వరసగా నిలబడ్డాయి. ఢిల్లీలో 1964 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీ ఉంది. అమెరికాలో పెబుల్ బీచ్ పోటీ 1950లో మొదలైంది. ఇలాంటి వేడుకలన్నిటిలో బహుమతి తీసుకునేది సొంతదారు. ఫొటోలో నిలబడేది సొంతదారు. అందులో తప్పేమీ లేదు. కానీ దూరపు ఊళ్ల నుంచి వచ్చిన ఆ కార్ల వెనక రాత్రుళ్లు మేలుకుని స్టీరింగ్ పట్టిన మనిషి ఒకడు ఉంటాడు. బెల్టులు సరిచూస్తూ ఢాబా దగ్గర బండి చుట్టూ తిరిగిన క్లీనర్ ఒకడు ఉంటాడు. వాళ్ల పేర్లు బిల్టీ మీద కూడా సరిగా ఉండవు.

ఇంకో ముచ్చట చెప్పి అసలు విషయానికి వస్తాను. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. అప్పుడు 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌లో భద్రంగా ఉంది. ఆ చరిత్ర చెప్పేటప్పుడల్లా బస్సుల లెక్కతోపాటు మనుషుల లెక్క కూడా చెబుతారు. నాకు అది నచ్చుతుంది. బండి హిసాబ్ రాసినప్పుడు మనిషి హిసాబ్ కూడా రాయాలి.

ఇక పాత కారు లారీ ఎక్కడం ఎలా ఉంటుందో చూద్దాం. రోడ్డు మీద కన్నా ఎక్కించేటప్పుడు, దించేటప్పుడే కారు ఎక్కువ దెబ్బతింటుంది. ర్యాంప్ నిటారుగా ఉంటే ముందు బంపరో, కింద సైలెన్సర్ పైపో నేలకు రాసుకుంటుంది. ఇంజన్ నడవని కారైతే వించ్‌తో మెల్లగా లాగాలి. వించ్ లేని చోట నలుగురిని పిలిచి "జోర్ లగావ్" అని తోస్తారు. వాళ్లు చేయి వేసేది ఎక్కడ? మడ్‌గార్డ్ మీద, గ్రిల్ మీద, డిక్కీ మూత మీద. అరవై ఏళ్ల రేకు అది. ఒత్తితే సొట్ట.

పైకెక్కాక కట్టడం ఇంకో హునర్. బెల్టు టైరు మీదుగా వేసి బిగిస్తే చక్రం కదలదు, కారు మాత్రం తన స్ప్రింగుల మీద తాను ఊగుతుంది. బంపర్‌కో బాడీకో తాడు కట్టి లాగితే ప్రతి గుంతకూ ఆ రేకు మీద బరువు పడుతుంది. హ్యాండ్‌బ్రేక్‌ను నమ్ముకోకూడదు. పాత డ్రమ్ములు కొన్ని పట్టవు, కొన్ని పట్టి వదలవు. గేర్‌లో పెట్టి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. బ్యాటరీ వైరు తీసేయాలి. ట్యాంకులో పెట్రోలు కొంచెమే ఉండాలి. హబ్‌క్యాపులు, ఏరియల్, బానెట్ మీది బొమ్మ లాంటివి విప్పి, లెక్కపెట్టి, డబ్బాలో పెట్టాలి. టార్పాలిన్ వదులుగా ఉంటే గాలికి కొట్టుకుంటుంది. మధ్యలో దుమ్ము చేరితే వందల కిలోమీటర్లు రంగు మీద గరుకు కాగితం రుద్దినట్టే. కర్దనూర్ దగ్గర ఎక్కించిన కారుకు సంగారెడ్డి దాటాక ఒకసారి బండి ఆపి బెల్టులు మళ్లీ బిగించాలి. మొదటి గంటలో కారు కుదురుకుంటుంది, బెల్టు వదులవుతుంది. అనుభవమున్న డ్రైవర్‌కు ఇవన్నీ తెలుసు. అయితే ఆ పని చేయడానికి సామాను కావాలి, టైమ్ కావాలి. ఈ రెండూ డ్రైవర్ చేతిలో లేవు. వించ్ ఉన్న బండి పంపాలా, మామూలు బండి పంపాలా అన్నది మాలిక్ నిర్ణయం. కిరాయి ఎంత ఇవ్వాలన్నది సొంతదారు నిర్ణయం.

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఎవరి పేర్లూ రాయను. వాళ్ల దాదా కొన్న అరవైల నాటి ఫియట్ ఒకటి కర్దనూర్ వైపు ఒక షెడ్డులో ఉండేది. బాగుచేయించడానికి పుణె పంపారు. ట్రాన్స్‌పోర్ట్ మాలిక్ వాళ్లకు దూరపు చుట్టం. అందుకే కాగితం ఏదీ గట్టిగా అడగలేదు. పుణెలో దించేసరికి కుడివైపు ముందు మడ్‌గార్డ్ లోపలికి పోయి ఉంది, గ్రిల్ ఒక చోట విరిగింది, రెండు హబ్‌క్యాపులు లేవు. ఇక్కణ్నుంచి బాగానే పంపామని కుటుంబం అంటుంది. ఎక్కించేటప్పటికే అలా ఉందని మాలిక్ అంటాడు. బిల్టీ మీద "పాత కారు, ఒకటి" అని ఉంది. ఖీమత్ గడి ఖాళీ. ఫొటోలు ఎవరూ తీయలేదు.

ఆ డ్రైవర్ మేవాత్ మనిషి. హర్యానాలోని నూహ్ ఇలాకా. దేశమంతా తిరిగే లారీల్లో ఆ ఇలాకా డ్రైవర్లు చాలామంది కనిపిస్తారు. అతనితో ఫోన్‌లో మాట్లాడాను. "జనాబ్, వించ్ లేదు. మనుషులు తోశారు. అప్పుడు నేను స్టీరింగ్ దగ్గరున్నా. ఎక్కడ సొట్ట పడిందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. అతని తన్‌ఖా నుంచి మూడు నెలలు కోత పెట్టారు. కుటుంబానికి పైసా రాలేదు. చుట్టరికం కూడా పోయింది. ఇప్పుడు ఒకరి ఇంటి షాదీకి ఇంకొకరు పోవడం లేదు.

ఎవరిది ఖసూర్? నేను రెండు వైపులా విన్నాను. తేల్చలేను. ఏ ఖాజీ, ఏ జడ్జి తేల్చాలన్నా అతని ముందు పెట్టడానికి ఏమీ లేదు. రాయని చోట నిజం ఎవరి వైపు ఉన్నా ఒకటే. జోర్ ఉన్నవాడి మాట గెలుస్తుంది. ఆ ముగ్గురిలో అందరికన్నా జోర్ తక్కువున్నవాడు జుర్మానా కట్టాడు.

ఖానూన్ ఈ విషయంలో ఏం చెబుతుందో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం వచ్చింది. 1865 నాటి పాత చట్టం స్థానంలో ఇది 2011 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం సామాను ఇచ్చేవాడు అందులో ఏముందో, దాని ఖీమత్ ఎంతో రాసి ఇవ్వాలి. తీసుకునేవాడు రసీదు ఇవ్వాలి. మన బిల్టీ అదే. నుక్సాన్ అయితే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల జిమ్మేదారీ మామూలుగా కిరాయికి పది రెట్ల వరకే, అదీ రాసి ఇచ్చిన ఖీమత్‌ను మించకుండా. అంతకన్నా ఎక్కువ కావాలంటే ముందే ఎక్కువ రిస్క్ రేటు కట్టి రాయించుకోవాలి.

దీని లెక్క చూడండి. పుణెకు కిరాయి 25,000 అనుకుందాం. పది రెట్లు అంటే రెండున్నర లక్షలు. మీ కారు ఖీమత్ పది లక్షలైతే మిగతా ఏడున్నర లక్షలు గాలిలో ఉన్నట్టే. కిరాయి బేరమాడి 15,000కు తగ్గిస్తే, మీ జిమ్మేదారీ కవచం కూడా లక్షన్నరకు తగ్గింది. బేరంలో గెలిచామని ఖుషీ అయ్యేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చాలా బిల్టీల మీద "ఓనర్స్ రిస్క్" అని ముద్ర ఉంటుంది. దాన్ని చూసి మనవాళ్లు నోరు మూసుకుంటారు. ఆ ఒక్క ముద్రతో ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల లాపర్వాయీ మాఫ్ కాదు. పాత చట్టం కింద వచ్చిన ఒక కేసులో 2000లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఇంకో ముఖ్యమైన సంగతి గడువు. కొత్త చట్టం ప్రకారం, సామాను బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావా వేయడానికి లేదు. "పెద్దవాళ్లతో మాట్లాడిద్దాం, రంజాన్ అయ్యాక చూద్దాం" అంటూ ఆరు నెలలు దాటించేవాళ్లు ఎందరో.

ఇన్సూరెన్స్ కూడా అంతే. కారుకు పూర్తి ప్యాకేజీ పాలసీ ఉంటే, అది లారీ మీదో రైలు మీదో పోతున్నప్పుడు జరిగే నుక్సాన్ కూడా మామూలుగా అందులోకి వస్తుంది. షెడ్డులో పడి ఉన్న మన కార్లకు ఉండేది థర్డ్ పార్టీ మాత్రమే. కొన్నిటికి అదీ ఉండదు. పాత కారుకు కంపెనీతో ముందే ఖీమత్ ఒప్పుకుని పాలసీ తీసుకోవచ్చు. లేదంటే ఈ ఒక్క సఫర్‌కు విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు. లారీ ఎక్కకముందు అడగాల్సిన ప్రశ్న ఇది. దిగాక అడిగితే ఫాయిదా లేదు.

ఇప్పుడు డ్రైవర్ తన్‌ఖా కోత సంగతి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఈ విషయం స్పష్టంగా ఉండేది. అప్పగించిన సామాను పాడైతే, అది ఆ మనిషి నిర్లక్ష్యం వల్లనే నేరుగా జరిగిందని తేలితేనే కోత పెట్టాలి. అంతకుముందు అతని జవాబు వినాలి. వించ్ ఇవ్వని మాలిక్, సామాను హాలత్ రాయని మాలిక్ దేన్ని పట్టుకుని డ్రైవర్‌ది నిర్లక్ష్యం అంటాడు?

మన దీన్ కూడా ఈ ప్రశ్నను వందల ఏళ్ల కింద అడిగింది. ఫిఖహ్‌లో అందరి పని చేసే కూలీని, మోతగాణ్ని 'అజీర్ ముష్తరక్' అంటారు. అతని చేతిలో సామాను పాడైతే ఎవరు కట్టాలి? ఇమామ్ అబూ హనీఫా రాయ్ ప్రకారం ఆ సామాను అతని చేతిలో అమానత్. అతని చేతి పని వల్ల పాడైతే తప్ప జమాన్ పడదు. ఆయన షాగిర్దులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ వేరే రాయ్ ఇచ్చారు. తప్పించుకోలేని ఆఫత్ అయితే తప్ప అతనే కట్టాలన్నారు. ఉస్తాద్, షాగిర్దుల మధ్య ఈ ఇఖ్తిలాఫ్ ఎందుకొచ్చింది? మోసేవాడి మీద జుల్మ్ జరగకూడదని ఒక ఫికర్. జనం సామాను గాలికి పోకూడదని ఇంకో ఫికర్. రెండూ సరైనవే. ఈ రెండు ఫికర్‌లనూ ఒకేసారి తీర్చేది ముందుగా రాసుకున్న కాగితం. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు వ్యవహారాలు రాసుకోవడం గురించే. రాసేవాడికీ సాక్షికీ కూడా హాని జరగకూడదన్న హిదాయత్ అందులోనే ఉంది. మరి రాసుకోవడం బేఇజ్జతీ అన్న మాట మనకు ఎక్కణ్నుంచి వచ్చింది?

నాకు కొందరు జవాబులు చెబుతారు. వాటిని కూడా చూద్దాం.

"అడిగితే చుట్టరికం పోతుంది" అంటారు. పైన చెప్పిన ఫియట్ సంగతి చూశారు కదా. చుట్టరికం పోయింది అడగనందుకే.

"కిరాయి పెరుగుతుంది" అంటారు. నిజమే, పెరుగుతుంది. మూసి ఉన్న కంటైనర్, వించ్, ఎక్కువ రిస్క్ రేటు, ఇన్సూరెన్స్ అన్నీ కలిస్తే మామూలు లారీ కన్నా చాలా ఎక్కువే అవుతుంది. కానీ లక్షలు పెట్టి రంగు వేయించడానికి సిద్ధపడినవాళ్లు సఫర్ దగ్గర వేలు మిగుల్చుకోవడం ఎందుకు? అంత ఖర్చు పెట్టే తాఖత్ లేకపోతే, కారును షెడ్డులోనే ఇంకొంత కాలం ఉండనివ్వండి. అది యాభై ఏళ్లు ఆగింది. ఇంకో ఏడాది ఆగుతుంది.

"ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు సంతకం పెట్టరు" అంటారు. ఇది అన్నిటికన్నా గట్టి ఎతరాజ్. చిన్న మాలిక్‌లు భయపడతారు. రెండు లారీలు, బ్యాంకు ఖర్జ్, డీజిల్ ఉధార్ మీద బతికేవాళ్లు వాళ్లు. పది లక్షల ఖీమత్ ఉన్న కాగితం చూస్తే గుండె గుభేలుమంటుంది. వాళ్ల భయాన్ని నేను తక్కువ చేయను. అయితే ఖీమత్ రాసినంత మాత్రాన మొత్తం బరువు వాళ్ల నెత్తిన పడాలని లేదు. సొంతదారు ఇన్సూరెన్స్ తీసుకుంటే ఆ బరువు కంపెనీ పంచుకుంటుంది. ఎక్కించే ముందు ఉన్న సొట్టలన్నీ కాగితం మీద ఉంటే, రేపు పాత సొట్టను కొత్తదని ఎవరూ వాళ్ల మీద వేయలేరు. హాలత్ రాయడం వల్ల సొంతదారు కన్నా మాలిక్‌కూ డ్రైవర్‌కూ ఫాయిదా ఎక్కువ. ఈ మాట వాళ్లకు కూర్చోబెట్టి చెబితే చాలామంది సంతకం పెడతారు. అప్పటికీ పెట్టనివాడికి కారు ఇవ్వకండి.

కాగితం అంటే వకీల్ దగ్గరికి పోయి స్టాంపు పేపర్ రాయించడం కాదు. ఒక తెల్ల కాగితం చాలు. కారు మోడల్, రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు. నడుస్తుందా, తోయాలా. ఎక్కడెక్కడ సొట్టలు, తుప్పు, పగుళ్లు ఉన్నాయి. విప్పిన సామాను పట్టీ. ఒప్పుకున్న ఖీమత్. ఇన్సూరెన్స్ ఎవరు కట్టారు. వించ్ ఉందా లేదా. డ్రైవర్ పేరు, లారీ నంబరు. నాలుగు వైపులా, లోపల, కింద, పగటి వెలుగులో ఫొటోలు. ఎక్కించే చోట ముగ్గురి సంతకాలు, దించే చోట మళ్లీ చూసి సంతకాలు. డ్రైవర్‌కు చదవడం రాకపోతే అతనికి తెలిసిన జబాన్‌లో చదివి వినిపించాలి. ఒక కాపీ అతని చేతికి తప్పకుండా ఇవ్వాలి. దీనికంతా పట్టేది గంటసేపు. ఛాయ్ తాగుతూ చేయొచ్చు.

ఆ కాగితంలోనే ఇంకో లైను ఉండాలి. ఎప్పటిలోగా చేర్చాలి అన్నది. "రేపు పొద్దున్నే ఉండాలి" అని సొంతదారు అంటాడు. మాలిక్ "ఇన్షా అల్లాహ్" అంటాడు. ఆ రెండు మాటల మధ్య డ్రైవర్ నిద్ర పోతుంది. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టారు. రోడ్డు మీద దాన్ని ఎవరు పాటిస్తున్నారో మీకూ తెలుసు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలన్న నియమం వచ్చింది. మంచిదే. పాత లారీల్లో ఉన్నవాళ్లు మాత్రం ఇంకా ఎండలోనే ఉన్నారు. కారుకు ఎండ తగలకుండా టార్పాలిన్ కప్పమని చెప్పేవాళ్లు, డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో కూడా ఒకసారి అడగాలి. నిద్రలేని మనిషి చేతిలో పెట్టిన అమానత్ సలామత్‌గా చేరాలని దువా చేయడం ఒక్కటే చాలదు.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. తెలుగులో డిగ్రీ చేశాను. రెండు జబాన్ల మధ్య తిరిగేవాడిగా నాకు ఒక మాట ఆశ్చర్యం. కాగితం పనికి తెలుగులో వాడే మాటలు చూడండి. రసీదు, దస్తావేజు, జామీను, కిరాయి, బాకీ, జమ, దాఖలు, వసూలు, ఖరారు, జవాబుదారీ, హమాలీ, మరమ్మతు. ఇవన్నీ ఫార్సీ, అరబీ, ఉర్దూ దారిలో వచ్చినవే. రాత కోసం ఇన్ని మాటలు ఇచ్చిన జబాన్ మనది. ఆ జబాన్ మాట్లాడే ఇళ్లలోనే రసీదు అడగడం తప్పు అనుకోవడం ఏం న్యాయం?

ఈ బెల్ట్‌లో లారీలు పెట్టుకున్న మన నౌజవాన్లకు ఒక మాట. పాత కార్ల సఫర్లు ఇంకా పెరుగుతాయి. ప్రతి ఏడూ ఇంకొన్ని కార్లకు యాభై ఏళ్లు నిండుతాయి. అంబాసిడర్ 2014 దాకా తయారైంది. ప్రీమియర్ పద్మిని ఈ శతాబ్దం మొదలయ్యేదాకా ఉంది. వాటి వంతు ముందుంది. వించ్, మంచి బెల్టులు, పొడవైన ర్యాంప్ ఉన్న ఒక బండి, హాలత్ కాగితం తానే ముందుగా తీసి ఇచ్చే ఒక మాలిక్ ఈ రోడ్డు మీద ఉన్నాడని తెలిస్తే పని దానంతట అదే వెతుక్కుంటూ వస్తుంది. ఈ ధందాలో చివరికి నిలబడేది తక్కువ కిరాయి కాదు, అమీన్ అన్న పేరు. ఆ పేరు నోటిమాటతో రాదు. పది సఫర్ల కాగితాలు చూపించగలిగితే వస్తుంది.

సొంతదారులకు చివరి మాట. మీ దాదా కారు మీకు విరాసత్. దాన్ని మోసేవాడికి అది ఆ పూట రోజీ. రెండూ ఒకే బండి మీద పోతున్నాయి. అందుకే కారు ఖీమత్ రాసే కాగితం మీద ఆ డ్రైవర్ పేరు కూడా సరిగా రాయించండి. చేరిన చోట దించుకుని, చూసుకుని, సంతకం పెట్టి, అతనికి ఇవ్వాల్సింది అక్కడే ఇచ్చేయండి. ఏ గొడవా లేకుండా చేరిన సఫర్ గురించి ఎవరూ కథలు చెప్పుకోరు. మీ కారు కథ కూడా అలాగే ఉండాలని కోరుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.